చేతిలో ఒకటి

నవంబరు 6, సోమవారం

మాట్లాడకూడదట. గుసగుసలు కూడా పనికిరావట. గుసగుస అరుపుకంటే గొంతుకి చేటట. రెండు వారాలు చూసి, అప్పటికీ అది తగ్గకపోతే ఏం చెయ్యాలో చెబుతానంది డాక్టరమ్మ. 'అది' అంటే గొంతులో ఉన్నది. దానికి ఆవిడ ఏదో పేరు చెప్పింది. ఆ పేరు ఇక్కడ రాయను. పేరు పెట్టి పిలిస్తే ఇంట్లో తిష్ఠ వేస్తుంది.

పిల్లలు నా వెనక నన్ను మైకు టీచర్ అంటారు. తెలియనట్టే ఉంటాను గానీ లోపల మురిసిపోతుంటాను. నేను రెండో తరగతిలో ఎక్కాలు చెప్పిస్తుంటే వీధి చివర తాళాలు బాగుచేసే అతనికి ఏడో ఎక్కం వచ్చేసిందని మా స్కూల్లో ఒక జోకు. అలాంటిదాన్ని ఇవాళ నోటికే తాళం వేయించుకుని వచ్చాను.

డాక్టరమ్మ గది బయట చేపల తొట్టి ఉంది. చేపలు నోళ్లు తెరుస్తూ మూస్తూ తిరుగుతున్నాయి. నన్ను వెక్కిరించడానికే పెట్టినట్టున్నారు.

ఇంటికొచ్చి ఆయనకి పలక మీద రాసి చూపించాను: "గొంతు అలిసింది. రెస్టు ఇస్తే చాలు." ఆయన చదివి, ఇన్నాళ్లకి ఇంట్లో తన మాట చెల్లుతుందన్నమాట అన్నారు. పలక విసిరేదాన్నే, కొత్త పలక కదా అని ఊరుకున్నాను.

నాకేం భయం లేదు.

నవంబరు 7, మంగళవారం

పెద్దమేడమ్ సెలవు పెట్టమంది. పెట్టనని తల అడ్డంగా ఊపాను. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటే పిచ్చెక్కుతుంది. ఆవిడ కాసేపు పేపరువెయిటు తిప్పి అసలు సంగతికొచ్చింది.

"సరే టీచర్, ఈ టర్ము అయ్యేదాకా చూద్దాం. కానీ చివరి బెంచీలో కూర్చున్న పిల్లకి మీ మాట వినపడాలి కదా. వినపడకపోతే వచ్చే టర్ము నుంచి మీరు ఆఫీసులో కూర్చోండి. మీ క్లాసుకి ఇంకొకరిని చూస్తాను."

కోపం లేకుండా అంది. అదే నా బాధ. కోపంగా అని ఉంటే నేనూ కోప్పడేదాన్ని, మూగగానైనా.

ఆఫీసులో కూర్చుని అడ్మిషన్ ఫారాల మీద స్టాంపులు కొట్టుకోవడం. నేను.

క్లాసు సంగతి చెప్పక్కర్లేదు, సంత నయం. నేను బోర్డు మీద రాసి ఇటు తిరిగేసరికి సగం మంది కిటికీ దగ్గరున్నారు. డస్టరుతో బల్ల మీద కొట్టాను. సుద్దపొడి లేచి నాకే దగ్గొచ్చింది. దగ్గకూడదట కూడా.

నవంబరు 9, గురువారం

చివరి బెంచీలో 'ఎందుకు' ఉంటుంది. దానికి అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, ఎవరూ వాడరు. రెండూ రెండూ నాలుగంటే ఎందుకంటుంది. ఆరు ఐదుకంటే పెద్దదంటే ఎందుకంటుంది. బడి తెరిచిన వారంలోనే దాన్ని వెనక్కి పంపించాను. అక్కణ్ణించి అడిగితే సగమైనా వినపడకుండా పోతుందని నా ఆశ.

ఇవాళ నేను బోర్డు మీద కూడికలు వేస్తుంటే అది బెంచీ కింద బొమ్మల పుస్తకం పెట్టుకుని చదువుతోంది. ఇదివరకైతే గోడలు అదిరేవి. ఇప్పుడు అరవలేను కనక నడిచి వెళ్లాల్సి వచ్చింది. వెళ్తే పక్కన నిలబడాల్సి వచ్చింది, నిలబడితే చూడాల్సి వచ్చింది. పెదాలు కదుపుతూ చదువుతోంది. ఒక బొమ్మలో ఎవడో గట్టు మీద ఎగురుతున్నాడు. పక్క బొమ్మలో వాడే బావిలో ఉన్నాడు. మధ్యలో ఏం జరిగిందో ఎవరూ వెయ్యలేదు, రాయలేదు. అది తలెత్తి నన్ను చూసి, భయపడటం మర్చిపోయి, రెండు బొమ్మల మధ్య ఖాళీలో వేలు పెట్టింది.

"ఇక్కడ జారాడు టీచర్."

ఎవరూ చెప్పకుండా, ఎవరూ అరవకుండా ఆ ఖాళీలో జారినవాణ్ణి అది చూసింది. నేను కూడికలు పాతికసార్లు చెప్పినా ఇలా ఒక్కసారి చూడలేదు. పుస్తకం లాక్కోకుండా వచ్చేశాను.

లెక్కల పీరియడులో నేను లాక్కున్న బొమ్మల పుస్తకాలు బీరువాలో ఒక దొంతర ఉన్నాయి. సాయంత్రం సంచీలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఇంకా చదువుతున్నాను. బాగున్నాయి, ఖర్మ.

నవంబరు 12, ఆదివారం

ఆయన బోర్డులు రాస్తారు. కొట్ల పేర్లు, ఇంటి నంబర్లు, బస్సుల నెత్తిన ఊళ్ల పేర్లు. ఇప్పుడందరూ మిషను మీద అచ్చు వేయించుకుంటున్నారు కనక ఆయనకి ఆదివారాలు ఖాళీ. సోమవారాలు కూడా ఖాళీయే, కానీ ఆ మాట మేమిద్దరం అనుకోం. ఇవాళ పలక మీద రాసి ముందు పెట్టాను: లెక్కలు చెప్పడానికి బొమ్మల కథ కావాలి.

"అక్షరాలొచ్చు, అంకెలొచ్చు. మనుషులు మాత్రం రారోయ్ నాకు" అన్నారు.

అయితే అంకెలే మనుషులు, అని రాశాను.

అంతే, ఇద్దరి భోజనాలూ చల్లారిపోయాయి. ఐదుకి బొజ్జ వచ్చింది. నాలుగు ఒంటికాలి మీద నిలబడింది. ఎనిమిది నడుముకి బెల్టు బిగించుకుంది. ఆరు తాడు మీద బట్టలు ఆరేస్తోంది, ఆరు కదా. ఏడు సరేసరి, ఏడుస్తోంది. ఆయన ఒక్కో బొమ్మా వేస్తూ తనలో తను నవ్వుకుంటున్నారు. పెళ్లయిన కొత్తలో నిచ్చెనెక్కి కొట్టు పేరు రాస్తూ, కింద నిలబడ్డ నన్ను చూసి ఇలాగే నవ్వేవారు. ఆ నవ్వు ఎప్పుడు పోయిందో గమనించనే లేదు. ఇవాళ వచ్చాక తెలిసింది.

కథ నాది. ఒకట్ల ఇల్లు, పదుల ఇల్లు, వందల ఇల్లు పక్కపక్కనే ఉంటాయి. ఒకట్ల ఇంట్లో తొమ్మిది మందికే చోటు. పదోవాడు వచ్చాడా, పదిమందీ కలిసి ఒక్క మూటగా మారి పక్కింటికి పోవాల్సిందే. ఆ మూటని పిడికిట్లో పట్టుకుని పరిగెత్తేది సున్నా. దానికి వేరే పనేముంది? "రెండు వేసి, చేతిలో ఒకటి" అని మనం అంటామే, ఆ ఒకటి ఉండేది సున్నా చేతిలోనన్నమాట.

నవంబరు 15, బుధవారం

బొమ్మల కథని జిరాక్సు తీసిపెట్టమంటే అటెండరు ఇంకు అయిపోతుందని గొణిగాడు. తీశాక వాడే నిలబడి చదివాడు.

ఒక్కొక్కరికీ ఒక్కో అంకె ఇచ్చాను. నేను వేలితో బొమ్మ చూపిస్తే ఆ అంకె లేచి తన నోటి దగ్గరి బుడగలో మాట చదవాలి. పెద్ద బుడగైతే గట్టిగా, చిన్న బుడగైతే నెమ్మదిగా చదువుతున్నారు. ఇది నేను నేర్పలేదు, వాళ్లకే తెలుసు. ఐదు వేషం కట్టినవాడు చొక్కాలో పుస్తకాల సంచీ దోపుకుని బొజ్జ తెచ్చుకున్నాడు. సున్నా వేషం 'ఎందుకు'ది. పిడికిలి బిగించి "చేతిలో ఒకటి, చేతిలో ఒకటి, తప్పుకోండి" అంటూ బెంచీల మధ్య పరుగు.

పక్క సెక్షన్ మాస్టారు గుమ్మంలోకి వచ్చి, మీ గొంతు వచ్చేసిందా టీచర్ అని అడిగారు. కాదని చెయ్యి ఊపాను. ఇన్నేళ్లలో మొదటిసారి నా క్లాసులో నోరు మూసుకున్నది నేనొక్కదాన్నే. చెప్పకూడదు గానీ, సరదాగా ఉంది.

నవంబరు 17, శుక్రవారం

"ఏడు ఎందుకు ఏడుస్తోంది టీచర్?"

జవాబు చెప్పడానికి గొంతు లేదు. పలక మీద రాశాను: నువ్వే చెప్పు. దాన్ని ఎవరూ తిరిగి అడిగి ఎరగరు కాబోలు, నోరు తెరిచి అలాగే నిలబడింది. మధ్యాహ్నం బెల్లు కొట్టాక పరిగెత్తుకొచ్చి చెప్పింది: "అందరూ దాన్ని ఏడు, ఏడు అంటుంటే ఏం చేస్తుంది టీచర్ పాపం, ఏడుస్తుంది."

ఆయనకి రాసి చూపిస్తే పొట్ట పట్టుకుని నవ్వారు.

నవంబరు 20, సోమవారం

తగ్గలేదు. కాస్త పెరిగింది కూడా. తీసెయ్యాలంది డాక్టరమ్మ. తీసింది పరీక్షకి పంపాలంది. ఎందుకో చెప్పింది, నేను తలూపాను.

గొంతు మునుపట్లా వస్తుందా అని రాసి చూపించాను. డాక్టరమ్మ పలక తీసుకుని చదివి, వెంటనే తిరిగివ్వలేదు. "వస్తుంది. మునుపట్లా వస్తుందని మాత్రం మాటివ్వలేను" అంది. మంచి మనిషి. చేపలకి మేత కూడా ఆవిడే వేస్తుందట.

ఇంటికొచ్చేసరికి ఆయన కొత్త కథకి గీతలు గీస్తున్నారు. డాక్టరమ్మ ఏమందని అడిగారు. బొటనవేలు పైకెత్తి చూపించాను. మాట లేనివాళ్లకి అబద్ధం ఎంత తేలికో. నాలుక తడబడదు, కళ్లు దించుకుంటే సరిపోతుంది.

ఈ కథ పూర్తయ్యాక చెబుతాను. ఆయన ఇంత సంతోషంగా ఉండి చాలా కాలమైంది.

నాకేం భయం లేదు.

నవంబరు 21, మంగళవారం

నిజంగా అంతేనా అని అడిగారు. తలూపాను.

నవంబరు 22, బుధవారం

ఇవాళ అడగలేదు.

నవంబరు 24, శుక్రవారం

పెద్దమేడమ్ క్లాసుకి చిన్న పరీక్ష పెట్టింది. కాగితాలు తెచ్చి నా బల్ల మీద పరిచింది. ఇరవై ఏడూ పదిహేనూ ఎంత? ముప్పై రెండు. ఆ పక్క కాగితంలో ముప్పై రెండు. దాని కిందా ముప్పై రెండే. ఒకరా ఇద్దరా, క్లాసు క్లాసంతా పది తక్కువే.

కాపీ కొట్టారనుకుందట. తీరా చూస్తే ఆలస్యంగా వచ్చిన నలుగురూ తన గదిలోనే కూర్చుని రాశారు, వాళ్లదీ ముప్పై రెండే. బొమ్మలు ఇంక ఆపెయ్యమంది. వెళ్తూ గుమ్మంలో ఆగి, ఆఫీసులో కిటికీ పక్కన కుర్చీ వేయిస్తానంది. అది దయ అని నాకు తెలుసు.

అందరూ వెళ్లాక 'ఎందుకు'ని ఆపి, దాని కాగితం మీద వేలు పెట్టి పలక మీద రాశాను: ఇక్కడ చేతిలో ఒకటి ఏమైంది?

అది సంచీలోంచి మా బొమ్మల కథ తీసి చివరి బొమ్మ చూపించింది. పదుల ఇంటి గుమ్మంలో సున్నా నిలబడి ఉంది. పిడికిలి మూసే ఉంది.

"ఇవ్వలేదు కదా టీచర్. చేతిలోనే ఉంచేసుకుంది."

బోర్డు దగ్గర అయితే "చేతిలో ఒకటి" అన్నాక "ఆ ఒకటీ కలిపి" అని సాగదీసి అరిచేదాన్ని. బొమ్మలో ఆ అరుపు లేదు. సున్నా వెళ్లింది, నిలబడింది, కథ అయిపోయింది. పిల్లలు లెక్క తప్పలేదు. బొమ్మలో ఏముందో అదే చేశారు.

"ఎందుకు ఇవ్వలేదు టీచర్?" అని అది ఇంకా అడుగుతోంది.

నవంబరు 26, ఆదివారం

తప్పు ఎక్కడుందో చూపిస్తే ఆయన నాలుక కరుచుకున్నారు. "వేళ్లు వెయ్యడం రాదోయ్. పిడికిలైతే ఒక గుండ్రం, నాలుగు గీతలు. అందుకని అంతటా పిడికిలే పెట్టేశాను."

బొమ్మలు ఆపమన్నారుగా అని రాశాను. తప్పు దిద్దకుండా ఆపితే ఎలా అన్నారు. బోర్డులు రాసేవాళ్ల పట్టుదల అది. ఒక అక్షరం వంకర పోయినా రంగు డబ్బా మొత్తం మళ్లీ కలుపుతారు.

కిటికీ పక్కన ఎండ పడుతుంటే నా చెయ్యి బల్ల మీద వెల్లకిలా పెట్టమన్నారు. వేశారు, కొట్టేశారు. మళ్లీ వేశారు. మొదటి చేతికి చీపురుపుల్లలు మొలిచాయి. రెండో చేతికి ఆరు వేళ్లొచ్చాయి. లెక్కల టీచరు మొగుడై ఉండి వేళ్లు కూడా లెక్కపెట్టుకోలేదు. నవ్వొచ్చింది గానీ నవ్వడానికీ గొంతు కావాలి.

"వేళ్లు బిగపట్టావు. వదులు" అన్నారు.

వదిలాననుకున్నాను.

"వదల్లేదు. సోమవారం నుంచీ వదల్లేదు." కాగితం వంకే చూస్తున్నారు. "నీ చేతిలో ఒకటుందని నాకు తెలుసు. అడిగితే తలూపుతావు. అందుకని అడగడం మానేశాను. నీ అంతట నువ్వు ఇస్తావని చూస్తున్నాను."

పలక వంటింట్లో ఉంది. ఆయన పెన్సిలు నా వేళ్ల మధ్య పెట్టి, గీసిన కాగితాన్ని నా వైపు జరిపారు. ఆ బొమ్మ చేతిలోనే రాశాను. ఆపరేషను. ఐదో తారీకు. తీసింది పరీక్షకి పంపుతారు. గొంతు పోవచ్చు. భయంగా ఉంది.

చాలా భయంగా ఉంది, అని ఇక్కడ కూడా రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాసింది అబద్ధం.

ఆయన చదివారు. నా అరచేతిలో తన అరచెయ్యి పెట్టి అలాగే ఉంచారు, పెన్సిలు మసి అంటుకుంటుందని కూడా చూసుకోలేదు. తర్వాత ముక్కు చీది, ఏడుని వెయ్యడానికి ఇంక నమూనా వెతుక్కోనక్కర్లేదు, ఇద్దరం ఉన్నాం అన్నారు.

సాయంత్రానికి చెయ్యి కుదిరింది. ఐదు వేళ్లు, విప్పిన అరచెయ్యి, మధ్యలో మూట.

నవంబరు 28, మంగళవారం

పెద్దమేడమ్‌కి రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించాను. మూసిన పిడికిలి, విప్పిన చెయ్యి. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. ఒక్క పీరియడు ఇచ్చి, తనే వచ్చి వెనక నిలబడింది.

కొత్త కథలో సున్నా చెయ్యి తెరవగానే పదుల ఇంట్లోవాళ్లు, "ముగ్గురమే అనుకున్నాం, నలుగురమయ్యాం" అని గంతులేస్తారు. అది చదివాక బోర్డు మీద ముప్పై ఎనిమిదీ ఇరవై ఆరూ వేశాను. పిల్లలందరూ ఎడమచేతి పిడికిలి బిగించి, నాలుగు వేసి, చెయ్యి పక్కకి జరిపి, విప్పారు. అరవై నాలుగు. ఇటు నుంచి అటు చివరిదాకా అరవై నాలుగే.

బొమ్మలు ఉండనివ్వమంది పెద్దమేడమ్. చివరి బెంచీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. బొమ్మలు కాగితం మీద ఎవరైనా పంచగలరు, టీచరు మాట వేరు అంది.

డిసెంబరు 4, సోమవారం

పిల్లలకి చెప్పాలి కదా. ఆయన ఒక పేజీ వేసిచ్చారు. మనుషులు రారు కనక నన్ను ఒకటి అంకెగా వేసి కళ్లద్దాలు పెట్టారు. ఒకటి గొంతు బాగుచేయించుకోవడానికి వెళ్తోంది. మిగతా అంకెలన్నీ గుమ్మంలో నిలబడి చేతులూపుతున్నాయి. అన్నీ విప్పిన చేతులే, ఇప్పుడు ఆయనకి వచ్చేశాయి.

'ఎందుకు' దగ్గరికొచ్చి మాట మళ్లీ వస్తుందా అని అడిగింది. తెలియదని చెయ్యి తిప్పాను. అబద్ధం ఆడాలనిపించలేదు.

"చిన్నది వస్తే?" అంది.

అదేగా నా భయం. పలక తీశాను, ఏం రాయాలో తోచక మళ్లీ సంచీలో పెట్టేశాను.

డిసెంబరు 5, మంగళవారం

బయల్దేరుతున్నాం. ఆయన నున్నగా గడ్డం గీసుకున్నారు, ఆపరేషను తనకైనట్టు.

డిసెంబరు 9, శనివారం

ఇంట్లోనే. మింగితే నొప్పి. పరీక్ష సంగతి ఇంకా రాలేదు.

పిల్లలు పంపారని అటెండరు ఒక కాగితం తెచ్చిచ్చాడు. వాళ్లే వేసిన బొమ్మ. కళ్లద్దాల ఒకటి మధ్యలో నిలబడి ఉంది. దాని నోటి దగ్గర బుడగ ఆవగింజంత ఉంది. చుట్టూ మిగతా అంకెలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ దాని మీదకి వంగి ఉన్నాయి. అన్నిటికీ చాటంత చెవులు. సున్నాకైతే చెవులు తప్ప ఒళ్లే కనిపించడం లేదు.

ఆయన దాన్ని గోడకి అంటించారు. అంకెలు వంకరగా ఉన్నా దిద్దలేదు.

డిసెంబరు 13, బుధవారం

పరీక్షలో ఏమీ లేదు. ఏమీ లేదు. ఏమీ లేదు. సున్నాని ఇన్నేళ్లుగా తక్కువ చేసి మాట్లాడాను, ఇంత అందమైన అంకె ఇంకోటి లేదు.

డాక్టరమ్మ ఒక మాట అని చూడమంది. "ఒకటి" అన్నాను. పాత తలుపు కిర్రుమన్నట్టు వచ్చింది. ఇంకా బాగుపడుతుంది గానీ మైకు మాత్రం ఇంక రాదని చెప్పింది. ఆయన తలుపవతల చేపల దగ్గర కూర్చున్నారు. నా మాట విన్నారా అని సైగ చేసి అడిగాను. లేదన్నారు. మధ్యలో ఉన్నది ఒక్క తలుపే.

డిసెంబరు 18, సోమవారం

ఇప్పటికి కుదిరింది, రాస్తున్నాను.

నేను క్లాసులోకి వెళ్లేసరికే పెద్దమేడమ్ చివరి బెంచీ వెనక గోడకి ఆనుకుని ఉంది. ముందుగా చెప్పే వచ్చింది, దొంగచాటుగా కాదు. పిల్లలు లేచి నిలబడి కూర్చున్నారు. ఇంత నిశ్శబ్దం నా క్లాసులో ఎప్పుడూ లేదు. ఏడో ఎక్కం మొదలుపెట్టాను.

"ఏడొకట్ల ఏడు."

మొదటి బెంచీవాళ్లు తిరిగి అన్నారు. రెండో బెంచీవాళ్లు వాళ్ల నోళ్లు చూసి అన్నారు. ఆ వెనక ఎవరూ అనలేదు. పెద్దమేడమ్ నా వైపు చూడలేక కిటికీ వైపు చూసింది. అప్పుడు చివరి బెంచీలోంచి 'ఎందుకు' లేచింది.

"వినపడట్లేదు టీచర్."

నిజమే చెప్పింది, దాని తప్పేముంది. సుద్దముక్క కింద పెట్టేశాను. ఆఫీసు, కిటికీ పక్కన కుర్చీ, స్టాంపు అన్నీ కళ్లముందు తిరిగాయి.

'ఎందుకు' సంచీ భుజాన వేసుకుంది. బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. దాని వెనకే ఐదు వేషంవాడు వచ్చాడు. ఇంక చెప్పేదేముంది, బెంచీలన్నీ కిర్రుకిర్రుమంటూ ఖాళీ అయిపోయాయి. మోకాళ్ల మీద మోకాళ్లు, భుజాల మీద గడ్డాలు, నాకు అడుగు వెయ్యడానికి చోటు లేదు. మా ఇంటి గోడ మీద అంటించిన ఆ బొమ్మే. దాన్ని రోజూ చూస్తూ కూడా నాకు అర్థం కాలేదు.

'ఎందుకు' వెనక్కి తిరిగి పిలిచింది.

"మేడమ్, ఇప్పుడు చివరి బెంచీ ఇదే."

పెద్దమేడమ్ ఖాళీ బెంచీల వెనక ఒక్కతే మిగిలిపోయింది. తర్వాత బెంచీలు తప్పించుకుంటూ వచ్చి, పిల్లల వెనక ఆగి, కాస్త ముందుకి వంగింది.

"ఏడొకట్ల ఏడు" అన్నాను.

"ఏడొకట్ల ఏడు" అన్నారు పిల్లలు. చిన్న బుడగలో మాటలా నెమ్మదిగా అన్నారు.

"ఏడు రెళ్లు పద్నాలుగు."

"వినపడుతోంది టీచర్" అంది పెద్దమేడమ్. తన నోటుపుస్తకం చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. మధ్యాహ్నం అటెండరు వచ్చి మా క్లాసుకి పెద్ద చాప ఒకటి పరిచి వెళ్లాడు.

ఎక్కం చివరిదాకా చెప్పాం. బొమ్మలో ఏడు చేసే పని మాత్రం ఇవాళ నేనే చేశాను. ఎందుకని ఎవరూ అడగలేదు, 'ఎందుకు' కూడా అడగలేదు.